ఎడమకాలు, కుడికాలు

వంద పేర్లు రాయమన్నారు.
జయనగర్‌లో కల్యాణ మంటపం పక్క హాలు,
నలభై రూపాయల కాఫీ, ఎవరిది వాళ్ళే కట్టుకోవాలి.
లోకనాథ్ ఇచ్చిన టై మెడకు ఒరుసుకుంటా ఉంది.
ఆలోచించొద్దు, రాసుకుంటా పో అన్నారు,
పెండ్లికి పిలుస్తారే, అట్ల.

అరవై మూడు దగ్గర ఆగిపోయినాను.
నాకింతేనా మనుషులు?
బొమ్మనహళ్ళి మంగలి షాపాయన పేరు తెలీక
కటింగ్ అన్న అని రాసినాను.
కదిరి బస్సులో ఒకసారి రొట్టె తుంచి పెట్టిన ముసలాయనను
రాయబోయి, నంబరు లేదని కొట్టేసినాను.
ఆయనొక్కడే బతికిపోయినాడు.

బోర్డు మీద ఒక సున్నా గీసి
ఇది నువ్వు అన్నారు.
నవ్వొచ్చింది గానీ చుట్టూ చప్పట్లు.
సున్నా కింద రెండు గీతలు:
ఎడమకాలు, కుడికాలు.
రెండూ సమంగా పెరగాలంట,
ఏ కాలు చిన్నదైతే దాని లెక్కకే డబ్బులంట.
ఇరవై ఏడేండ్లు సొంత కాళ్ళ మీద నిలబడినోణ్ణి
ఆ రాత్రి సిల్క్ బోర్డు సిగ్నల్లో
ఎవరిని కాళ్ళు చేసుకుందామా అని లెక్కేసినాను.

కుడికాలు మస్తాన్ వలి, నా రూమ్మేటు.
ఎడమకాలు చౌడక్క,
హోసూరు రోడ్డు గార్మెంట్సులో కాలర్లు కుట్టే మనిషి,
నాకు జ్వరమొస్తే చారు కాచి పంపిన మనిషి.

అయస్కాంతాల పరుపు, ముప్పై ఎనిమిది వేలు.
నడుంనొప్పి పోతాదని నేనే చెప్పినాను.
చెప్పేటప్పుడు నమ్మినాను కూడా,
అదే ఇప్పటికీ మింగుడు పడదు.
కమ్మలు కుదవ పెట్టింది.
"నువ్వు చెప్పినావు గదా" అనింది, అంతే.
పరుపు గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

నా మొదటి చెక్కు రెండువేల నూటపది.
స్టేజీ ఎక్కించి మైకిచ్చినారు.
ఎట్ల మాట్లాడినానో,
వెనక వరుసలో ఒకాయన కండ్లు తుడుచుకున్నాడు.

తరవాత్తరవాత ఎవరికి ఫోను చేసినా
"మీటింగులో ఉండా" అనేవాళ్ళు,
గారపని మేస్త్రీ కూడా.
కటింగ్ అన్న నన్ను చూసి షట్టరు సగం దించినాడు.
మస్తాన్ ఒక పొద్దున బ్యాగు సర్దుకొని
మడివాళలో వాళ్ళ మామ దగ్గరికి పోయినాడు.
గొడవ పడింటే బాగుండు.
తన వంతు బాడిగ లెక్కపెట్టి
స్టవ్వు కింద పెట్టి పోయినాడు.

మానేసేదానికి రాజీనామా కాగితం ఉండదు.
ఒక ఆదివారం పండుకున్నోణ్ణి లేయలేదు.
లోకనాథ్ పదకొండుసార్లు ఫోన్ చేసినాడు,
పన్నెండోసారి చేయలేదు.
సాయంత్రం ఆయన టైతో బండి తుడుచుకున్నాను.

ఏడు నెలలు చౌడక్క వీధి తొక్కలేదు.
పాలపాకెట్టుకు కూడా చుట్టు తిరిగి పోయినాను.
ఎనిమిదో నెల రెండువేలు కవర్లో పెట్టుకొని,
ఒక మాట బట్టీ పట్టుకొని పోయినాను.

లోపల పరుపు పొట్ట చీల్చి ఉంది.
దూదంతా దిండ్లలోకి పోయినట్లుంది.
ఆమె కింద కూచొని
కుట్టుమిషను చుట్టూ నేలమీద
నల్లబిళ్ళ ఒకటి తిప్పుతా ఉంది.
గుండుసూదులు ఒక్కొక్కటే లేచి
దాన్ని కరుచుకుంటున్నాయి.

"వంగే పనే లేదు రా," అనింది,
"ఫ్యాక్టరీకి గూడా నాలుగు తీసకపోయినా.
సూపర్వైజరమ్మ ఒగటి అడిగి పెట్టుకునింది.
నడుంనొప్పి తగ్గిందిలే, నువ్వు చెప్పినట్లే."

నవ్విందో లేదో తలెత్తి చూడలేదు.
బట్టీ పట్టిన మాట గొంతులోనే ఉంది.
కవరు తీసుకుంది, ఎంగిలి వేలితో లెక్కపెట్టింది.
"ఇంక ముప్పై ఆరు" అనింది,
చారు గిన్నె నా ముందరికి జరుపుతా.

కూచొనే తాగినాను, కడదాకా.
లేయబోతే
ఎడమకాలు తిమ్మిరెక్కి ఉంది.